పాట తెలిస్తే చాలదు

తెనాలి నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అంతా అచ్చు వేయడానికి చోటు లేదు కనుక సంగతి క్లుప్తంగా చెబుతాను.

వాళ్ళ అమ్మాయికి 23 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ వయొలిన్ నేర్చుకుంది, డిప్లొమా కూడా పాసయింది. డిగ్రీలో సైకాలజీ చదివింది. ఆ అమ్మాయికి పదకొండేళ్ళ తమ్ముడు. ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. నాలుగైదు మాటలకు మించి రావు. ఎవరు పిలిచినా తల తిప్పని ఆ పిల్లవాడు, అక్క వయొలిన్ తీస్తే మాత్రం ఎక్కడున్నా వచ్చి పక్కన కూర్చుంటాడట. అది చూసి అమ్మాయి ‘‘మ్యూజిక్ థెరపిస్టునవుతాను, తమ్ముణ్ణి బాగుచేస్తాను’’ అని పట్టుబట్టింది. ఇంగ్లండులో రెండేళ్ళ ఎం.ఏ. కోర్సు ఉందట. దానికి వెళ్ళాలంటే పెళ్ళికని ఉంచిన స్థలం అమ్మాలి. ఇంతలో ఫోనులో ఇంకో ప్రకటన కనిపించింది. ఆరు వారాలు ఇంట్లో కూర్చుని పాఠాలు వింటే మ్యూజిక్ థెరపిస్టు అని సర్టిఫికెట్టు ఇస్తారట! ‘‘డాక్టరు గారూ, రెండింటిలో ఏది మంచిది? అసలిది వైద్యమేనా?’’ అని అడిగి, నాలుగో పేజీ అడుగున, చోటు చాలక కాబోలు సన్న అక్షరాలతో, ‘‘మా వాడికి మాటలొస్తాయా?’’ అని రాశారు.

అమ్మా, ఆ సన్న అక్షరాల ప్రశ్నే మీ అసలు ప్రశ్న అని నాకు తెలుసు. దానికి చివర్లో వస్తాను. తప్పించుకోను.

ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేనొక జిల్లా ఆసుపత్రిలో మెడికల్ వార్డు చూసేవాణ్ణి. కుడివైపు పక్షవాతం వచ్చి, మాట పడిపోయిన ఒక పెద్దాయనను చేర్చారు. వయసులో ఉండగా పౌరాణిక నాటకాలు ఆడిన మనిషి. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, కాని నోరు తెరిస్తే మాట రాదు. దాహమైతే గ్లాసుకేసి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఒకరోజు పక్క మంచం వాళ్ళ రేడియోలో నాటక పద్యం వచ్చింది. ఈయన అందుకున్నాడు! రాగం తీసి, మాట ఒక్కటి పొల్లుపోకుండా పద్యం మొత్తం పాడేశాడు. వార్డంతా చుట్టూ మూగింది. సిస్టరు కళ్ళు తుడుచుకుంది. నేనూ పొంగిపోయాను. రోజూ రౌండ్సుకు వెళ్ళినప్పుడల్లా ఆయనచేత ఒక పద్యం పాడించేవాణ్ణి. నెల తిరిగేసరికి ఎన్ని పద్యాలు పాడాడో లెక్కలేదు. కాని ‘‘నీళ్ళు’’ అని అడగడం రానేలేదు. అలాగే ఇంటికి వెళ్ళిపోయాడు.

ఏమిటి కారణం? చాలామందికి మాటల కేంద్రం మెదడులో ఎడమవైపు ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే మాట పోతుంది. పాటకు కుడివైపు మెదడు కూడా తోడ్పడుతుంది. కనుక మాట పోయినా నోటికి వచ్చిన పాట మిగిలివుండడం అరుదేమీ కాదు. మా వార్డులో మేం చూసింది మహిమ కాదన్నమాట. అది ఒక తలుపు. ఆ తలుపులోంచి మాటల వైపు ఎలా నడిపించాలో మాలో ఎవరికీ తెలియదు.

తెలిసినవాళ్ళు అప్పటికే ఉన్నారు. 1973లో అమెరికాలోని బోస్టన్‌లో మార్టిన్ ఆల్బర్ట్, రాబర్ట్ స్పార్క్స్, నాన్సీ హెల్మ్ అనే ముగ్గురు ఒక పద్ధతిని ప్రకటించారు. ఇందులో రోగిచేత తెలిసిన పాట పాడించరు. ‘‘నీళ్ళు కావాలి’’ వంటి రోజూ పనికొచ్చే చిన్న మాటను ఎత్తు, పల్లం రెండే స్వరాల మీద రాగంగా పలుకుతారు. ఒక్కొక్క అక్షరానికి రోగి ఎడమ చేతిని మెల్లగా తడతారు. మొదట ఇద్దరూ కలిసి పలుకుతారు. తర్వాత చికిత్స చేసేవారు మధ్యలో గొంతు తగ్గిస్తారు. ఆ తర్వాత రోగి ఒక్కడే అంటాడు. ఆపైన ‘‘ఏం కావాలి?’’ అని అడిగితే జవాబుగా అంటాడు. చివరికి రాగం కొంచెం కొంచెంగా వదిలించి మామూలు మాటలోకి తెస్తారు. ఇది అందరికీ పని చేయదు. అర్థం చేసుకునే శక్తి నిలిచివుండి, పలకడం మాత్రమే పోయినవారికి ఎక్కువగా పనికొస్తుంది. దీన్ని స్పీచ్ థెరపిస్టులూ చేస్తారు, మ్యూజిక్ థెరపిస్టులూ చేస్తారు. నేను ఆ పెద్దాయనచేత పద్యాలు పాడించి సంతోషించాను. శిక్షణ పొందినవారైతే రెండు స్వరాలతో దాహం అడగడం నేర్పడానికి ప్రయత్నించేవారు. మీ అమ్మాయి నేర్చుకోవలసింది ఆ పనితనం. పాట ఆమెకు వచ్చు కదా!

ఇక ‘‘ఇది వైద్యమేనా?’’ అన్న ప్రశ్న. మన దేశంలో మ్యూజిక్ థెరపీ అనగానే కొందరు ఒక పట్టిక చదువుతారు. ఈ రాగం వింటే బి.పి. తగ్గుతుంది, ఆ రాగం వింటే షుగరు తగ్గుతుంది అని. మాత్రల చీటీ రాసినట్టు రాగాల చీటీ అన్నమాట! నాకూ కర్ణాటక సంగీతమంటే ప్రాణమే. సాయంకాలం కచేరీ వింటే అలసట తీరుతుంది, నిద్ర బాగా పడుతుంది. కాని ఫలానా రాగం ఫలానా జబ్బును నయం చేస్తుందనడానికి గట్టి రుజువు నేను చూడలేదు. రాగం విని బి.పి. మాత్ర మానేసి, మూతి వంకరపోయాక మా దగ్గరకు వచ్చినవారిని చూశాను.

ఆసుపత్రుల్లో మ్యూజిక్ థెరపీ అని పిలిచేది వేరు. అందులో రోగి ఊరికే వినేవాడు కాడు, తానూ వాయిస్తాడు, పాడతాడు, పాట కడతాడు. రాకపోతే డప్పు మీద చేత్తో కొడతాడు. చికిత్స చేసేవారు అతనితో కలిసి వాయిస్తారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే చికిత్స ఉంది. 2011లో ఫిన్లండులో దిగులు జబ్బు ఉన్న 79 మందిని తీసుకుని, అందరికీ మామూలు వైద్యం ఇస్తూ, కొందరికి అదనంగా ఇలాంటి వాయిద్య చికిత్స 20 సార్లు చేశారు. మూడు నెలలకు చూస్తే అదనంగా వాయించినవారిలో దిగులు ఎక్కువగా తగ్గింది. మందులు మానెయ్యలేదు, గమనించండి.

ఈ వృత్తి అమెరికాలో రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల ఆసుపత్రుల వల్ల బలపడింది. అక్కడికి వచ్చి వాయించిన సంగీత విద్వాంసులకు రోగుల సంగతి తెలియదు, డాక్టర్లకు సంగీతం తెలియదు. రెండూ తెలిసినవారు కావాలని 1944లో మిషిగన్ స్టేట్‌లో దీనికోసం చదువు పెట్టారు. బ్రిటన్‌లో జూలియట్ అల్విన్ అనే చెల్లో విద్వాంసురాలు 1958లో ఒక సంఘం స్థాపించి, 1968లో లండన్ గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో శిక్షణ ప్రారంభించారు. పాల్ నార్డాఫ్ అనే అమెరికన్ పియానో విద్వాంసుడు, క్లైవ్ రాబిన్స్ అనే బడిపంతులు 1959 నుంచి ఇంగ్లండులోని ఒక పిల్లల ఆశ్రమంలో, మాటలు రాని పిల్లలతో కలిసి పనిచేశారు. పిల్లవాడు ఏడిస్తే ఆ ఏడుపు శ్రుతిలోనే పియానో అందుకోవడం, డ్రమ్ము మీద ఎలా బాదితే ఆ నడకలోనే తామూ వాయించడం వారి పద్ధతి. వారి పేరుతోనే ఇప్పటికీ లండన్‌లో శిక్షణ నడుస్తోంది.

మీ అమ్మాయికి అన్నింటికన్నా కష్టమయ్యేది ఇదేనని నా అనుమానం. మన గురువులు ఏం నేర్పుతారు? తాళం తప్పితే తొడ మీద ఒక్కటి వేస్తారు! రాగంలో లేని స్వరం పడితే కచేరీ పాడైనట్టే. మన మనోధర్మానికీ ఎల్లలున్నాయి. ఈ చికిత్సలో తాళం తప్పిన పిల్లవాడిని సరిదిద్దకూడదు. ఆ తప్పిన తాళాన్నే తాను పట్టుకోవాలి. వాడు ఆపితే ఆపాలి, అరిస్తే ఆ అరుపుకు జత కలపాలి. ‘నా తోడుగా ఎవరో వాయిస్తున్నారు’ అని వాడికి తోచాక, ఒక చిన్న మార్పు చేసి, వాడు వెంట వస్తాడేమో చూడాలి. వయొలిన్ అంత శ్రద్ధగా నేర్చుకున్న చెయ్యి ఇందుకు లొంగాలంటే టైము పడుతుంది. ఆరు వారాల్లో ఇంట్లో కూర్చుని అయ్యే పని కాదు.

ఆ ఇంగ్లండు చదువులో ఏముంటుందో చెబుతాను. చేరడానికి సాధారణంగా డిగ్రీ ఉండాలి. సంగీతంలోనే ఉండాలని అన్నిచోట్లా పట్టుబట్టరు కాని, వాద్యం మాత్రం బాగా రావాలి. పరీక్షగా వాయించమంటారు, పాడమంటారు, అప్పటికప్పుడు కల్పించి వాయించమంటారు. కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మనిషి నిబ్బరం ఏపాటిదో చూస్తారన్నమాట. చదువు రెండేళ్ళు. కొన్నిచోట్ల ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ళు. పిల్లల ఎదుగుదల, మానసిక వ్యాధులు, మెదడు, పరిశోధన చేసే తీరు పాఠాలుగా చెబుతారు. అయితే కాలమంతా పాఠాలకే పోదు. బడుల్లో, మానసిక వైద్యశాలల్లో, మతిమరుపు వచ్చిన వృద్ధుల ఆశ్రమాల్లో రోగులతో పనిచేయాలి. చేసిన ప్రతి పనినీ అనుభవమున్న థెరపిస్టు దగ్గర కూర్చుని చెప్పుకోవాలి. ఎందుకు అలా వాయించావు, ఆ పిల్లవాడు తలుపువైపు చూసినప్పుడు నీకేమనిపించింది అని వాళ్ళు అడుగుతారు. మా హౌస్ సర్జన్లను రౌండ్సులో మేం నిలదీసినట్టే అనుకోండి.

ఇంకొక నియమం వింటే మీరు ఆశ్చర్యపోతారు. చాలా కోర్సుల్లో విద్యార్థి కూడా చదువుకునే కాలంలో ఒక థెరపిస్టు దగ్గరకు రోగిలాగే వెళ్ళాలి! జబ్బు ఉందని కాదు. తాను ఈ పనికి ఎందుకు వచ్చింది, ఎవరిని బాగుచేయాలని వచ్చింది అన్నది తనకు తెలియాలని. లేకపోతే ఎదుట కూర్చున్న ప్రతి పిల్లవాడిలోనూ తన తమ్ముణ్ణే చూస్తుంది. ఒక పిల్లవాడు మాట్లాడకపోతే తానే ఓడిపోయాననుకుని కుమిలిపోతుంది. అమ్మా, మీ అమ్మాయికి ఇది చాలా అవసరం. మేం డాక్టర్లం కూడా సొంతవాళ్ళకు ఆపరేషన్ చేయం. కత్తి పట్టుకున్న చెయ్యి వణుకుతుంది కనుక. థెరపిస్టులూ అంతే, ఇంటివారికి చికిత్స చేయకూడదన్నది వారి వృత్తిలో సాధారణ మర్యాద. అంటే ఇంత ఖర్చుపెట్టి, ఇంత చదివి వచ్చాక కూడా ఆమె తమ్ముడికి అక్కగానే ఉంటుంది. ఈ మాట స్థలం అమ్మకముందే ఇంట్లో అందరూ కూర్చుని అనుకోవాలి.

బ్రిటన్‌లో 1997 నుంచి ఈ వృత్తికి ప్రభుత్వ గుర్తింపు ఉంది. మాకు మెడికల్ కౌన్సిల్ ఉన్నట్టే, వారికి హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ అని ఉంది. ఆ రిజిస్టరులో పేరు లేకుండా అక్కడ మ్యూజిక్ థెరపిస్టునని చెప్పుకుంటే నేరం. ఆ కౌన్సిల్ ఆమోదించిన కోర్సు చదివితేనే రిజిస్టరులోకి వస్తారు. ఆమోదించిన కోర్సుల జాబితా కౌన్సిల్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ‘‘మ్యూజిక్ అండ్ వెల్‌బీయింగ్’’ వంటి పేర్లతో ఎం.ఏ.లు ఉంటాయి. వినడానికి ఒకేలా ఉన్నా వాటితో రిజిస్టరులోకి రాలేరు. ఇక్కడ మోసపోయే ప్రమాదం ఉంది. ఏజెంటు చెప్పాడని నమ్మవద్దు, జాబితా మీరే చూడండి. అమెరికాలో దారి వేరు. అక్కడ బి.ఏ. స్థాయిలోనే ఇది చదవవచ్చు. 1,200 గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తి చేసి, బోర్డు పరీక్ష పాసవ్వాలి. వేరే డిగ్రీ ఉన్నవారు తక్కువపడిన పాఠాలు పూర్తిచేసుకుని ఎం.ఏ.తో పాటు ఆ పరీక్షకు వెళ్ళవచ్చు.

మన దేశంలో అటువంటి రిజిస్టరు మ్యూజిక్ థెరపిస్టులకంటూ లేదు. అందువల్లే ఆరు వారాలవాళ్ళు సర్టిఫికెట్లు పంచగలుగుతున్నారు. పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠ్‌లో మెడికల్ కాలేజీకి అనుబంధంగా సంగీత చికిత్స కేంద్రం ఉంది. ఇంగ్లండు దాకా వెళ్ళేముందు అమ్మాయిని తీసుకుని ఒకసారి అక్కడికి వెళ్ళి చూసి రండి. రైలు ఖర్చులతో పోతుంది. ఎక్కడ చేరినా అడగవలసినవి మాత్రం ఇవి: రోగులతో ఎన్ని గంటలు పనిచేయిస్తారు, ఆ పనిని పక్కనుండి చూసి తప్పొప్పులు చెప్పేది ఎవరు, ఆ చెప్పేవారి చదువేమిటి? సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. విదేశంలో చదివి వచ్చినవారికి ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో మ్యూజిక్ థెరపిస్టు పోస్టు ఎదురుచూస్తూ ఉండదు. నా ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి పోస్టు ఒక్కటీ చూడలేదు. ప్రత్యేక పాఠశాలలు, ప్రైవేటు ఆసుపత్రులు, లేదా సొంతంగా పెట్టుకోవడం, ఇంతే. ఈ సంగతి దాచి మీకు ఆశ పెట్టలేను.

స్థలం గురించి నా సలహా అడిగారు కనుక చెబుతున్నాను. ఇప్పుడే అమ్మవద్దు. ముందు ఆరు నెలలు మీ దగ్గరలో ఉన్న మానసిక వికలాంగుల పాఠశాలలో, జీతం లేకపోయినా సరే, వారానికి మూడు రోజులు అమ్మాయిని పనిచేయనివ్వండి. వయొలిన్ వాయించడానికే కాదు. పిల్లలకు అన్నం తినిపించడం, బాత్‌రూముకు తీసుకెళ్ళడం, జుట్టు పట్టుకు లాగితే ఓర్చుకోవడం, అన్నీ. తమ్ముడు కాని పిల్లవాడి మీద కూడా ఆమెకు అంతే ఓపిక ఉందని ఆరు నెలల తర్వాత మీకు తోస్తే, అప్పుడు స్థలం మాట ఆలోచించవచ్చు. ఓపిక లేదని తేలినా తప్పు లేదు. వయొలిన్ ఎక్కడికీ పోదు.

ఇక మీ అబ్బాయి. ఆటిజం ఉన్న పిల్లలకు ఈ చికిత్స మీద పెద్ద పరిశీలన ఒకటి జరిగింది. తొమ్మిది దేశాల్లో 4 నుంచి 7 ఏళ్ళ వయసున్న 364 మంది పిల్లలను తీసుకుని, కొందరికి మామూలు సహాయంతో పాటు అయిదు నెలలు మ్యూజిక్ థెరపీ ఇచ్చారు. ఫలితాలు 2017లో వచ్చాయి. నలుగురితో కలిసే విషయంలో పిల్లల ఇబ్బంది, అదనంగా మ్యూజిక్ థెరపీ ఇచ్చినందువల్ల చెప్పుకోదగినంత తగ్గలేదు. ఆ తర్వాత 2022లో, అప్పటిదాకా జరిగిన పరిశీలనలన్నీ కలిపి కాక్రేన్ సంస్థవారు తూచి చూశారు. మొత్తంమీద పిల్లల పరిస్థితి కొంత మెరుగయ్యే అవకాశం కనిపించింది, ఇంట్లో బ్రతుకు కాస్త తేలికయింది. కాని మాటలు పెరిగాయనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. కనుక అమ్మా, మీ వాడికి వయొలిన్ వల్ల మాటలొస్తాయని నేను చెప్పలేను. చదువుకున్న థెరపిస్టు ఎవరూ చెప్పరు. చెప్పేవారుంటే వారికి దూరంగా ఉండండి.

అయితే వాడు అక్క పక్కకు వచ్చి కూర్చుంటున్నాడు. దానికి సర్టిఫికెట్టు అక్కర్లేదు. రోజూ ఒకే వేళకు పావుగంట వాయించమనండి. వాయిస్తూ మధ్యలో ఆపి, వాడు చెయ్యో కన్నో కదిపేదాకా ఆగమనండి. వాడు అడిగినట్టు కనబడగానే మళ్ళీ అందుకోమనండి. వాడు చెవులు మూసుకుంటే ఆపేయండి. బలవంతం వద్దు, నలుగురికీ పిలిచి చూపించడం అసలే వద్దు.

దీనితో పాటు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు, డి.ఇ.ఐ.సి. అంటారు. 18 ఏళ్ళలోపు పిల్లలను ఉచితంగా చూస్తారు. మీ జిల్లాలో అది ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కుని, స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఎన్ని రోజులకొకసారి ఇస్తారో అడగండి. పదకొండేళ్ళు దాటాయి కదా, ఇంకేం ప్రయోజనం అనుకోకండి. నోటితో రాని మాటను బొమ్మల కార్డులు చూపించి అడగడం ఈ వయసులోనూ నేర్పవచ్చు. 2016 చట్టంలో ఆటిజం కూడా వైకల్యాల జాబితాలో ఉంది. సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టకపోతే వెంటనే పెట్టండి.

మీ ఉత్తరంలో ఎక్కడా వినికిడి పరీక్ష మాట లేదు. ‘‘వయొలిన్ వింటాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి’’ అనుకుని ఉంటారు. వయొలిన్ వినిపించినంత మాత్రాన మాటల్లోని ‘స’, ‘త’ వంటి సన్నని శబ్దాలు సరిగా వినిపిస్తున్నాయని కాదు. చెప్పినట్టు చేయలేని పిల్లలకు నిద్రలోనే చేసే పరీక్ష ఉంది, బెరా అంటారు. ముందు అది చేయించి, ఆ కాగితం నకలు నాకు పంపండి.